గేటు దగ్గర విప్పిన బూట్లు

ఫెర్మిన్ బల్తసార్ నా దుకాణంలోకి కుంటుకుంటూ వచ్చిన రోజు నాకు పండగే. బయట సెప్టెంబరు వాన దంచికొడుతోంది. ఎదురింటి రేడియోలో అప్పుడే క్రిస్మస్ పాటలు మొదలయ్యాయి. ఫిలిప్పీన్స్‌లో బూట్ల ఊరుగా పేరుపడ్డ మా మరికినాలో సెప్టెంబరు రాగానే పాటలూ మొదలవుతాయి, బూట్ల కార్ఖానాలకు ఊపిరాడని రోజులూ మొదలవుతాయి. ఆయనకి గొడుగు డ్రైవరు పట్టుకున్నాడు. ఆయన మా గుమ్మం పట్టుకుని, ఎడమ మడమ నేలకు ఆనకుండా మునివేళ్ళ మీద నిలబడ్డాడు. ఆ నిలబడడం నాకు బాగా తెలుసు. మా అమ్మ రోజూ పొద్దున్నే మంచం దిగి అలాగే నిలబడుతుంది.

"బెలెన్ అంటే నువ్వేనా అమ్మాయ్? బూట్లలోకి అట్టలు చేస్తావట, కాలినొప్పులకి?"

"చేస్తాను సార్. కూర్చోండి."

నన్ను గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు? గేటు బయట గొడుగు పట్టుకుని నిలబడ్డ స్కూలు పిల్లని ఏ యజమాని గుర్తుపెట్టుకుంటాడు! నేను మాత్రం ఆయన్ని మరిచిపోయిన రోజు లేదు.

మా అమ్మ సలుద్ ఆయన కార్ఖానాలో పనిచేసేది. కొయ్య పాదాల మీద తోలు లాగి బిగించి మేకులు కొట్టే పని. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉండాలి. నిలబడి నిలబడి మడమలు పాడయ్యాయి. తోలు కోసే బల్ల కింద పారేసిన ముక్కలు ఏరుకుని, ఒకదాని మీద ఒకటి అతికించి, అరికాలి వంపు కింద ఆనేలా బూట్లలో పెట్టుకుంది. అవి ఉంటే నిలబడగలిగేది. ఇంటికి వెళ్ళేటప్పుడు ప్రతి పనివాడూ గేటు దగ్గర బూట్లు విప్పి చూపించాలి, తోలు దాచుకుపోకుండా. అది ఆ కార్ఖానా రివాజు. ఒక సాయంత్రం కావలివాడి పక్కన ఫెర్మిన్ బల్తసార్ స్వయంగా నిలబడ్డాడు. అమ్మ బూట్లలోంచి ముక్కలు బయటపడ్డాయి. వాటి మీద కార్ఖానా వేసే గుర్రపు నాడా ముద్ర ఉంది.

"కాలినొప్పికి పెట్టుకున్నాను సార్. మందులాగా. పారేసిన ముక్కలే," అంది అమ్మ.

"చూశార్రా, దొంగకి కాలినొప్పి కూడానట!" అన్నాడాయన, వరసలో ఉన్నవాళ్ళందరూ నవ్వేలా. ముక్కలు కాలవలోకి విసిరాడు. ఆ బూట్లు కూడా తన తోలుతోనే కుట్టుకుని ఉంటుందని వాటినీ ఉంచేసుకున్నాడు. ఆ వానలో అమ్మ వట్టికాళ్ళతో వంతెన దాటి ఇంటికొచ్చింది. నేను కాలవలోకి దిగి ఆ ముక్కలు ఏరుకొచ్చాను. అమ్మ వాటిని కడిగి ఆరబెట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టింది. ఆ తర్వాత ఏ కార్ఖానా ఆమెను గడప తొక్కనివ్వలేదు. ఊళ్ళో వీటిని చిన్న విషయాలంటారు.

నేను పెద్దాసుపత్రిలో కట్టుడు కాళ్ళు చేసే చోట పని నేర్చుకుని, ఇంటి ముందు గదిలోనే ఈ దుకాణం పెట్టుకున్నాను. నర్సులు, టీచర్లు, జీప్నీ బస్సుల డ్రైవర్లు, సగం ఊరి మడమలు నా చేతి మీదుగా బాగుపడ్డాయి. మా అమ్మవి తప్ప. ఎన్నిసార్లు బతిమాలినా ఒకటే మాట. "నా కాలి కింద పెట్టుకున్నదాన్ని దొంగసొత్తన్నాడు. కాదని వాడి నోటితోనే అనాలి. అప్పటిదాకా నా బూటులో ఏమీ పెట్టను." అంతే, గోడ పట్టుకుని ఆవిరి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది, ఇడ్లీల్లాంటి పుతో వండి అమ్ముకోవడానికి. పళ్ళు కొరుక్కోవడం తప్ప నేను చేయగలిగింది ఉండేది కాదు.

అలాంటి ఫెర్మిన్ బల్తసార్ ఇప్పుడు నా ముందు బల్ల మీద కాలు చాపి కూర్చున్నాడు. డ్రైవరు మేజోళ్ళు లాగుతున్నాడు.

"పొద్దున మొదటి అడుగు వేస్తే ప్రాణం పోతోంది అమ్మాయ్. కాసేపు నడిస్తే తగ్గుతుంది. సాయంత్రానికి మళ్ళీ మామూలే. డాక్టరు సూది వేశాడు, కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ మొదటికొచ్చింది."

నేను మడమ కింద, ఎముక మీద, సరిగ్గా చోటు చూసి బొటనవేలితో నొక్కాను.

"అమ్మో! చంపేశావు!"

"నొప్పిగా ఉందా సార్?"

"కనిపించడం లేదా!"

"ఇంకొక్కసారి చూడాలి," అని మళ్ళీ నొక్కాను. పరీక్షకి ఒక్కసారి చాలు. రెండోది నా కోసం.

నిలబెట్టి వెనక నుంచి చూశాను. అరికాలి వంపు నేలకు అణిగిపోతోంది, మడమ లోపలికి వాలిపోతోంది. పిక్కలు బిగుసుకుపోయి ఉన్నాయి. మామూలుగా చూసే జబ్బే. వంపు కింద గట్టిగా ఆసరా ఇచ్చి, మడమని గిన్నెలో కూర్చోబెట్టినట్టు పట్టి ఉంచితే, లోపల లాగుతున్న నరం తెరిపిన పడుతుంది.

"మెత్తటి స్పాంజి పెట్టు. డబ్బు గురించి చూడకు."

"మెత్తగా ఉంటే హాయిగా ఉంటుంది సార్, నయం కాదు. కాలు కుంగేచోట గట్టిది కావాలి."

"ఏదో ఒకటి చెయ్యి. నా పరువు నిలబెట్టు." ఆయన గొంతు తగ్గించాడు. "క్రిస్మస్ సెలవులిచ్చే రోజు అందరికంటే ముందు నేనే గేటు దగ్గర బూట్లు విప్పి చూపిస్తాను. ఏటా అంతే. యజమానికైనా రూలు రూలే. జనం చప్పట్లు కొడతారు. పోయినేడు స్టూలు మీంచి లేవలేక కావలివాడి భుజం పట్టుకున్నాను. వెనకాల ఎవడో నవ్వాడు."

ఒకడు నవ్వితేనే ఏడాది పాటు మోశాడు పెద్దమనిషి. అచ్చు తీసే నురుగు పెట్టె కింద పెట్టి, అందులో పాదాలు ఒకటొకటిగా అదమమన్నాను. మంచులో దిగినట్టు దిగి ఆయన పాదాల అచ్చు పడింది. ఆయన మా సిమెంటు నేల మీద వట్టికాళ్ళతో నిలబడి, బూట్లు ఎప్పుడిస్తారా అని డ్రైవరు వంక చూశాడు. నేను పెట్టె మూత పెట్టడానికి చాలాసేపు తీసుకున్నాను.

ఆయన వెళ్ళాక వెనక గది తెర తొలగించుకుని అమ్మ వచ్చింది. అంతసేపూ వెనకే ఉంది.

"వాడేనా?"

"వాడే. అమ్మా, ఈ పెట్టె ఇక్కడుంది చూడు. ఆసరా పెట్టాల్సినవైపు కాకుండా రెండోవైపు పెడతాను. ఓ చిన్న ముక్క చాలు. వాడు జన్మలో తిన్నగా నడవడు."

అమ్మ నా చేతిలో పెట్టె లాక్కుని పక్కన పెట్టింది. "నోరు ముయ్యి. వాడి కోసం నీ చేతిపని పాడుచేసుకుంటావా? రేపు ఏ నర్సమ్మో వచ్చి, నువ్వు చేసిన అట్టలతో ఫలానావాడు మంచాన పడ్డాడటగా అంటే ఏం చెప్తావు?"

"మరి వదిలెయ్యమంటావా?"

"వదిలెయ్యమని ఎవరన్నారు? బాగా చెయ్యి. వాడు పరిగెత్తాలి."

లోపలికి వెళ్ళి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. మూత తుప్పు పట్టి రాలేదు. స్క్రూడ్రైవరుతో తీశాను. లోపల ఆ తోలు ముక్కలు. గట్టిపడ్డాయి కానీ పాడవలేదు. నాడా ముద్ర నిన్న కొట్టినట్టుంది.

"అడుగున ఇవి వాడు," అంది అమ్మ. "ముద్ర కిందికి ఉండాలి. గుడ్డ అతికించకు."

నాకు అర్థమవడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక పడీపడీ నవ్వాను. అమ్మ నవ్వలేదు. పొయ్యి మీద ఆవిరి తగ్గిందని వెనక్కి వెళ్ళిపోయింది.

అక్టోబరంతా ఆ అట్టల మీదే నా ధ్యాస. వేరే పనులు లేక కాదు. బిగుసుకుపోయిన తోలుని నానబెట్టి, ఆ అచ్చులో పోసి తీసిన ప్లాస్టరు పాదం మీద అదిమి కట్టి ఆరబెట్టాను. మడమ చుట్టూ గిన్నెలా వచ్చేలా బెండు అరగదీశాను. పైన మేకతోలు పరిచాను. అంత ప్రేమగా నేను ఎవరికీ చెయ్యలేదు. ద్వేషంలో కూడా అంత ఓపిక ఉంటుందని అప్పుడే తెలిసింది.

తొడిగి చూపించే రోజు ఆయన తీరిగ్గా వచ్చాడు. అట్టలు నేనే బూట్లలో అమర్చాను. బూట్లు డ్రైవరు తొడిగాడు. ఆ ఇంట్లో బూట్లు తొడగడం, విప్పడం, మెరుగు పెట్టడం అంతా డ్రైవరు పనే. అందుకే ఆయన కాలి కింద ఏముందో ఆయనకి తెలిసే వీలు లేదు.

"నడవండి సార్."

గది ఆ చివరకి వెళ్ళాడు, వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. ముఖం విప్పారింది. "అరె! ఇదేం మాయ!"

"మాయ కాదు సార్. మొదట్లో కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోండి. పొద్దున మంచం దిగేముందు తువ్వాలు పాదానికి వేసి లాక్కోండి, పిక్కలు సాగాలి. ముఖ్యంగా వట్టికాళ్ళతో నడవొద్దు. ఇంట్లో కూడా."

"నడిస్తే ఏమవుతుంది?"

"మా అమ్మకి అయిందే అవుతుంది."

"ఏమైంది మీ అమ్మకి?"

"పుతో తింటారా సార్? వేడిగా ఉన్నాయి."

తెర వెనక నుంచి అమ్మ పళ్ళెం అందించింది. ఆయన నిలబడే రెండు తిన్నాడు. మరికినాలో ఇంత మెత్తటి పుతో తినలేదన్నాడు. ఇంకో నాలుగు కట్టించుకుని మరీ పోయాడు.

నవంబరుకల్లా ఆయన కుంటకుండా తిరుగుతున్నాడని డ్రైవరు చెప్పాడు. వారానికోసారి ఆయన వస్తే అట్టలు తీసి చూసి, అరిగినచోట సరిచేసి మళ్ళీ నేనే పెట్టేదాన్ని. ముద్ర చెక్కు చెదరలేదు. దొంగసొత్తు కాలి కింద పెట్టుకుని ఆయన తన కార్ఖానాలో రోజూ పెత్తనం చేస్తున్నాడని తలుచుకుంటే నాకు అన్నం రెండు ముద్దలు ఎక్కువ దిగేది.

సెలవులిచ్చే రోజు సన్నగా జల్లు పడుతోంది. కార్ఖానా పండక్కిచ్చే హామ్ మాంసం డబ్బాలు మోసుకెళ్ళడానికి పనివాళ్ళ ఇళ్ళవాళ్ళు గేటు బయట గుంపులుగా నిలబడ్డారు. వాళ్ళలో మేమూ కలిసిపోయాం. అమ్మ ఆ గేటు దగ్గరికి రావడం ఆ సాయంత్రం తర్వాత అదే మొదటిసారి. వంతెన మీద నా చెయ్యి పట్టుకోమంటే పట్టుకోలేదు. మునివేళ్ళ మీదే నడుచుకుంటూ వచ్చింది.

లోపల బ్యాండు వాయిస్తున్నారు. రేకుల పంచ కింద బల్ల వేసుకుని కావలివాడు కూర్చున్నాడు, అందరూ పెద్దరికమిచ్చి మాంగ్ తోమే అని పిలిచే మనిషి. అప్పుడూ ఆయనే. జుట్టు మొత్తం నెరిసింది. అమ్మని చూసి లేవబోయి, ఏమనుకున్నాడో మళ్ళీ కూర్చున్నాడు.

ఫెర్మిన్ బల్తసార్ మెట్లు దిగి గబగబా నడిచొచ్చాడు. "చూశారా నా నడక? ఇక డాన్సే తరువాయి!" అన్నాడు. నా వైపు చెయ్యి చాపి, "అదిగో, ఆ అమ్మాయి చేతి చలవ!" అని అరిచాడు. నేను దణ్ణం పెట్టినట్టు తల వంచాను. ఆయన స్టూలు మీద కూర్చుని, బూట్లు విప్పి, రెండూ పైకెత్తి పట్టుకున్నాడు. చప్పట్లు మోగాయి.

"తోమే, యజమాని అని వదిలిపెట్టకు! బాగా వెతుకు!"

నవ్వులు. మాంగ్ తోమే బూట్లు అందుకుని, అందరికీ చేసినట్టే లోపల చెయ్యి పెట్టి అట్ట తీసి తిప్పాడు. దాన్ని చూశాడు. గేటు బయట ఉన్న అమ్మని చూశాడు. రెండో బూటులోంచి కూడా తీసి, రెండిటినీ అడుగు భాగం పైకి వచ్చేలా బల్ల మీద పెట్టాడు.

"ఇంకేంటి, ఇచ్చెయ్యి," అన్నాడు ఫెర్మిన్ బల్తసార్.

"ముద్ర ఉంది సార్."

"ఏం ముద్ర?"

"మనదే. నాడా ముద్ర."

జనం ఇంకా గట్టిగా నవ్వారు. అదీ ఆటలో భాగమే అనుకున్నారు. ఆయనా నవ్వుతూ బల్ల దగ్గరికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"ఇది నా కాలినొప్పికి చేయించుకున్నదయ్యా," అన్నాడు చివరికి. "మందులాంటిది."

"నేనూ ఆ రోజు ఇదే అన్నాను సార్," అంది అమ్మ.

గట్టిగా అనలేదు. పుతో ఎన్ని కావాలో అడిగినట్టు అంది. బ్యాండు ఆగింది. అమ్మ ముఖం చూసి ఆయన గుర్తుపట్టలేదు. తర్వాత ఆమె కాళ్ళ వైపు చూశాడు, మునివేళ్ళ మీద నిలబడ్డ ఆ కాళ్ళ వైపు. ఆ తర్వాత నన్ను చూశాడు.

"నువ్వు సలుద్ కూతురివా?"

"అవును సార్. ఆ ముక్కలు ఈ కాలవలోంచే ఏరుకున్నాను. మీరు విసిరినవే."

పాతవాళ్ళు తలలు దించుకున్నారు. కొత్తవాళ్ళకి పాతవాళ్ళు చెవిలో చెప్తున్నారు. వరసలో ముందున్న కుట్టుపని లెటీ నోరు ఊరుకునే రకం కాదు.

"సార్, అది మందో, దొంగసొత్తో తేల్చెయ్యండి. దొంగసొత్తయితే మీ వెనక మేమూ గేటు దాటలేం. ఇళ్ళకి పోయి హామ్ వండుకోవాలి."

ఎవరో కిసుక్కుమన్నారు. ఫెర్మిన్ బల్తసార్ చెవులు ఎర్రబడ్డాయి. మేజోళ్ళు తడిసిపోతున్నాయి.

"మందే," అన్నాడు.

"మరి నాది?" అంది అమ్మ.

ఆయన బల్ల మీది అట్టని ఒకసారి బోర్లా తిప్పి, మళ్ళీ పైకి తిప్పాడు.

"నీదీ మందే, సలుద్."

"లెటీకి వినపడలేదు సార్."

"నీదీ మందే! నువ్వు దొంగతనం చెయ్యలేదు. చాలా?"

"చాలు సార్." అమ్మ చెయ్యి చాపింది. "తోమే, ఆ తోలు ఇటివ్వు. అది నాది."

మాంగ్ తోమే లేచి వచ్చి, రెండు చేతులతో ఆమెకు అందించాడు. ఏదో అనబోయాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది, అనక్కర్లేదన్నట్టు.

"మరి నేనెలా నడవాలి?" అన్నాడు ఫెర్మిన్ బల్తసార్, నిజంగానే తెలియనట్టు.

"కారు అక్కడే ఉంది కదా సార్," అంది అమ్మ. "మా ఇల్లు వంతెన అవతల."

ఆయన బూట్లు చేతిలో పట్టుకుని ఆ తడి సిమెంటు మీద నడిచాడు. రెండో అడుగుకే ఎడమ మడమ ఎత్తేశాడు. డ్రైవరు పరిగెత్తుకొచ్చేలోపు గోడ పట్టుకున్నాడు. నా కడుపు చల్లబడింది. అయ్యో పాపం అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.

తిరిగి వస్తుంటే వంతెన మధ్యలో అమ్మ ఆగిపోయింది. పిట్టగోడ పట్టుకుని వంగింది.

"కాళ్ళు నొప్పెడుతున్నాయే బెలెన్," అంది.

అన్నేళ్ళలో ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు. ఆమె వద్దన్నా వినకుండా ట్రైసికిల్ రిక్షా ఎక్కించాను.

మర్నాడు పొద్దున్నే దుకాణం తలుపు తీసేసరికి డ్రైవరు బూట్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "అక్కా, కోపం పెట్టుకోకు. పెద్దాయన పక్క దిగలేకపోతున్నారు. కొత్త అట్టలకి ఎంతైనా ఇస్తానన్నారు. జనవరిలో కూతురి పెళ్ళి కూడా ఉందట."

"చేస్తాను, నా పని అదే కదా. కానీ ఆయన ముందు ఒకరున్నారు. వరసలో ఉండమని చెప్పు."

"ఎవరు?"

తెర తీసుకుని అమ్మ వచ్చింది. కాళ్ళు కడుక్కుని, తుడుచుకుని వచ్చింది. కొత్త నురుగు పెట్టె కింద పెట్టాను. నా భుజం పట్టుకుని అందులో పాదం దించింది. ఆ మడమలు ఎంత పగిలి ఉన్నాయో, ఆ వంపు ఎంత అణిగిపోయిందో అంత దగ్గరగా చూడడం నాకు అదే మొదటిసారి. ఏడుపొచ్చింది. తల వంచుకుని, పాదం సరిగ్గా దిగిందో లేదో చూస్తున్నట్టు నటించాను.

"పైన మెత్తటిది వేస్తానమ్మా. నీకు హాయిగా ఉంటుంది."

"మెత్తగా వద్దు. గట్టిగా చెయ్యి. ఎక్కువ నడవాలి."

"బజారుకే కదా! ఇక్కణ్ణుంచి ఎంత దూరమని?"

"ఇక నుంచి ఆ కార్ఖానా గేటు మీదుగా వెళ్తాను."

"అటు నుంచి చుట్టూ తిరుగుడు కదే అమ్మా!"

"తెలుసులే," అంది అమ్మ, రెండో పాదం పెట్టెలో పెడుతూ. "అందుకే గట్టిగా చెయ్యమంటున్నా."